ఊదక ముందు అంబలి

పన్నెండో రోజు

ఉడతా,

నీ పుస్తకం నేను తీసుకున్నాను. నర్సమ్మ రత్నమేరి ఇంటికొకటి చొప్పున పంచిన పుస్తకమే ఇది. ఎడమ పక్క ఏం తిన్నారో, కుడి పక్క పొద్దున గేటు దగ్గర గొట్టంలో ఎంత ఊదారో రాయమంది. నువ్వు ఒక్కరోజు కూడా బద్ధకించలేదు. నీ చివరి పేజీలో ఎడమ పక్క ‘బెల్లం నీళ్లు’ అని ఉంది. కుడి పక్క 302 అని ఉంది. తరవాత జ్వరం పడ్డ అయిదు రోజులు ఖాళీ. ఆ తరవాత ఇదిగో, నా చేతిరాత.

నేను అయిదో తరగతితో ఆపేశాను. ఒత్తులు తప్పుతాయి. నవ్వుకో.

నిన్న నీ పదకొండో రోజు జరిపించాను. దీపం పెట్టనివ్వలేదు. గోడనీడ ఇళ్లలో పొగ వచ్చే పని ఏదీ చెయ్యకూడదు కదా. కరెంటు బల్బు ముందు నీ బొమ్మ పెట్టి దణ్ణం పెట్టాను. నాకే నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది.

సాయంత్రం ఈశ్వరి వచ్చింది. ఆరేళ్లు నీతో ఒకే తాడుకి కట్టుకుని, ఊరికి గాలి వడకట్టే జల్లెడగోడ దులిపిన పిల్ల, నాకు పరాయిదేం కాదు. ట్రంకుపెట్టె తెచ్చి గుమ్మంలో దించింది.

“పిన్నీ, గది నా పేరున రాయించీసినాను. ఇంక నిన్నెవలూ గట్టవతలకి పొమ్మనరు,” అంది.

గదికో బ్రష్షు ఉండాలి. గోడ ఎక్కి దులిపే మనిషి లేని ఇంటికి గది ఉండదు. నువ్వు పోయిన తొమ్మిదో రోజునే ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. గట్టవతల జల్లెడ గాలి రాదు, అక్కడ నా వయసు వాళ్లు రెండు చలికాలాలు గడిపితే గొప్ప.

“నీకెందుకే ఈ బరువు?” అన్నాను.

“రేకుల షెడ్డులో పాతికమందితో పడుకోడం కన్నా నయం కాదేటి? పైడి ఉంటే నన్ను రానిచ్చును,” అంది.

పైడితల్లీ అని నిన్ను పేరుతో పిలిచేవాళ్లే అందరూ. ఉడతా అన్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు ఆ మాట అనడానికి ఈ కాగితం ఒక్కటే ఉంది.

పదిహేనో రోజు

ఈశ్వరి నీలాగే సైరన్ కంటే ముందు లేస్తుంది. జుట్టు గుడ్డలో బిగించి, మెడకి చిక్కం తగిలించుకుంటుంది. ముక్కూ మూతీ మూసే ఆ తొడుగుకి ఆఫీసువాళ్లది ఏదో పొడుగు పేరు. మనకి చిక్కమే. నూర్పిళ్లప్పుడు గింజ తినకుండా ఎడ్ల మూతికి కట్టేదాన్ని మా తాత అలా అనేవాడట. ఒకసారి కట్టాక పది గంటలు విప్పకూడదు. గోడ మీద విప్పితే లోపలి గుడ్డ పాడవుతుంది, కొత్త గుడ్డ నెలకొకటే ఇస్తారు.

రాగిపిండితో చోడంబలి కాచి, మునగాకు వేసి, ఇద్దరికీ వంచాను.

“ఊదొచ్చాక పిన్నీ,” అంది.

ఊదొచ్చాక అంటే ఎప్పుడో నాకు తెలియదా. గేటు దగ్గర ఊదగానే తాళ్లు కట్టుకుని గోడ ఎక్కేస్తారు. దిగేసరికి సాయంత్రం. అప్పటికి గొంతులో పేరుకున్న బూడిదకి ఏం తిన్నా బూడిద రుచే. బెల్లం నీళ్లు తాగి, అవే ఛాతీ కడుగుతాయని చెప్పి, పడుకుంటారు. ఈశ్వరీ అదే చేసింది.

తిన్నది: బెల్లం నీళ్లు. ఊదినది: 338.

ఆ పిల్ల వంతు అంబలి నేను తాగాను. ఉంచితే పులిసిపోతుంది.

పంతొమ్మిదో రోజు

నీ చిక్కం తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. దవాఖానాకి పట్టుకెళ్లాను. రత్నమేరి దాన్ని తీసుకుని బల్ల మీద పెట్టి, నన్ను కూర్చోమంది.

“మీ అమ్మాయి బరువెంతో తెలుసా సన్యాసమ్మా?”

“సన్నంగా ఉండీదమ్మా. మా వేపు అందరూ అంతే.”

“ముప్పై మూడు కిలోలు. ఇరవై నాలుగేళ్ల మనిషి.”

ఆవిడ లేచి వచ్చి నా పక్కటెముకల మీద చెయ్యి వేసింది. “గాలి పీల్చు. ఇక్కడ కదిలింది చూశావా, ఇది కండ. ఊపిరితిత్తులు వాటంతట అవి పీల్చవు. ఈ కండ లాగితేనే పీలుస్తాయి. తిండి లేకపోతే ముందు తొడలు కరుగుతాయి, చేతులు కరుగుతాయి, తరవాత ఇదీ కరుగుతుంది. దుమ్ము మన అందరి ఛాతీల్లోనూ ఉంది. దగ్గి బయట పడెయ్యాలి. దగ్గడానికీ కండే కావాలి. ఆ అయిదు రోజులూ ఆ పిల్లకి దగ్గే సత్తువ లేకపోయింది.”

“రేషనుకి కొదవ నేదమ్మా. చోళ్లున్నాయి, పప్పుంది, నెత్తళ్ల సేపలున్నాయి, వారానికి నాలుగు గుడ్లు,” అన్నాను.

“మరి ఎవరు తిన్నారు?”

“ఇదంతా అందరికీ చెప్పొచ్చు కదమ్మా,” అన్నాను.

“ఆ పుస్తకాలు ఎందుకిచ్చాననుకున్నావు? ‘తిన్నది’ అన్న చోట ప్రతివాళ్లూ పప్పూ అన్నమూ గుడ్డూ అని రాస్తారు. నిజం రాసింది మీ అమ్మాయి ఒక్కతే. నేను ఆ పేజీలు చూసేసరికి ఆలస్యమైంది.”

ఉడతా, ఇప్పుడు రాసేది నీకు తెలిసిందే. అయినా రాయాలి. కిందటి చలికాలం ఒక పొద్దున నువ్వు పొయ్యి పక్కకొచ్చి నిలబడ్డావు. కరెంటు పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది, నెత్తళ్లు వేగుతున్నాయి. “ఒక్క గుక్కమ్మా, కళ్లు తిరుగుతున్నాయి,” అన్నావు. నేను గిన్నె మీద మూత పెట్టేశాను. “మూడొందలకి ఒక్కటి తగ్గినా గది పోతాది. ఊదొచ్చాక తిను,” అన్నాను. నువ్వు మూత వైపు చూసి, సరే అని చిక్కం తగిలించుకుని వెళ్లావు.

ఊదక ముందు కడుపులో ఏమీ ఉండకూడదని గోడనీడలో పాలుతాగే పిల్ల నుంచి అందరికీ తెలుసు. కడుపు బరువుంటే గాలి చాలదని మా అక్క చెప్పింది నాకు. నేను నీకు చెప్పాను. ఎవరూ ఎవరికీ చెడు చెయ్యాలని చెప్పలేదు.

ఇరవయ్యో రోజు

ఏమీ రాయలేను.

ఇరవై ఆరో రోజు

ఇవాళ ఈశ్వరికీ నాకూ గొడవైంది. 321 ఊదిందట. పొద్దున అంబలి గ్లాసు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“ఇది తాగితే గాని కదలనివ్వను.”

“పిన్నీ, అడ్డు లెగు. సైరనైపోతాది.”

“నర్సమ్మ సెప్పింది, తింటేనే ఊపిరి...”

“నర్సమ్మ గొట్టం ఊదుతాదేటి? ఊదేది నాను. నాకు మూడొందలు రాకపోతే నిన్ను అవతల పారేస్తారు. నీకోసమే కదా సస్తన్నాను.”

“నాకోసం సావొద్దనే సెప్తన్నాను.”

“ఇరవై నాలుగేళ్లు మూతెట్టిన దానివి, ఇప్పుడు తాగమంటన్నావా?”

ఆ మాట అనేశాక ఆ పిల్ల మొహం పాలిపోయింది. నువ్వు గోడ మీద ఆ సంగతి చెప్పి ఉంటావు. జతలో దాపరికాలుండవు. నేను అడ్డు తప్పుకున్నాను. సాయంత్రం వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని, “నాకు నోరు మంచిది కాదు పిన్నీ,” అంది. నేను తల నిమిరాను. చెవుల వెనక ఎముక తగిలింది.

తిన్నది: బెల్లం నీళ్లు, నేను బతిమాలితే నాలుగు మెతుకులు.

ముప్పై ఎనిమిదో రోజు

309. చిక్కం పట్టీ చివరి చిల్లుకి వచ్చింది. నిన్న మేకుతో ఇంకో చిల్లు పొడిచింది. నీ పట్టీకి కూడా నేనే రెండు చిల్లులు పొడిచి ఇచ్చాను. అప్పుడు పట్టీ సాగిందనుకున్నాను.

గేటు దగ్గర గొట్టం చూసే తవిటయ్య దగ్గరికి వెళ్లాను. అద్దం వెనక కూర్చుని గొట్టాలు తుడుచుకుంటున్నాడు.

“తమ్ముడూ, పరగడుపున ఊదాలని రూలు ఎక్కడుంది? నాకు సూపించు.”

“రూలేటి అప్పా? అలాంటిదేదీ నేదు.”

“మరి ఎవులు పెట్టినారు?”

చాలాసేపు గొట్టం తుడిచాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

“నానే. పదేళ్ల కిందట ఒకడు సేపల పులుసు పీకలదాకా మేసొచ్చి, గట్టిగా ఊదబోయి గొట్టంలోనే కక్కీసినాడు. ఆ గొట్టం నాను కడిగేను. కోపమొచ్చి బోర్డు రాసెట్టేను. ‘కడుపు నిండా తిని ఊదరాదు’ అని. నిండా అన్నాను అప్పా. తినొద్దన్నేదు. బోర్డు దుమ్ముకి సెరిగిపోనాది. మాట మాత్రం ఉండిపోనాది.”

“మరి ఇన్నేళ్లూ పరగడుపున వత్తంటే సూస్తా కూకున్నావా?”

“నా కొడుకుని కూడా అలగే పంపేను,” అన్నాడు.

ఆ అబ్బాయి ఎలా పోయాడో నాకు గుర్తుంది. వస్తూ వస్తూ, నువ్వైనా ఒక మాట చెప్పు అన్నాను. “నాను సెప్తే నమ్మరు అప్పా. రేషను మిగల్చుకోడానికి ఆఫీసువాళ్లు ఏదో నాటకమాడతన్నారంటారు,” అన్నాడు. తింటే రేషను ఎలా మిగులుతుందో నాకర్థం కాలేదు. కానీ మనవాళ్లు అలాగే అంటారు, నిజమే.

నలభై ఏడో రోజు

ఈశ్వరి గోడ మీద నుంచి జారింది. నీ తరవాత దానికి జతగా వేసిన అసిరమ్మ తాడు బిగపట్టి ఆపింది. నాలుగో అంతస్తు ఎత్తున పావుగంట వేలాడిందట. కిందికి దించి గది దాకా నడిపించుకొచ్చారు.

“బ్రష్షు కూడా వొదల్నేదు పిన్నీ నీ గుంట,” అంది అసిరమ్మ. “సచ్చినా ఆఫీసు సొత్తు పాడవనివ్వదు.”

అసిరమ్మ చేతులు తాడు ఒరిపిడికి చర్మం లేచిపోయాయి. కొబ్బరి నూనె రాసి గుడ్డ కట్టాను.

ఆమె వెళ్లాక ఈశ్వరి పక్కన కూర్చున్నాను. దానికి ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. నీ పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి కుడి పక్క అంకెలు ఒక్కొక్కటే చదివాను. 410. 404. 396. ఎడమ పక్క బెల్లం నీళ్లు, బెల్లం నీళ్లు, ఏమీ లేదు, బెల్లం నీళ్లు. 302 దాకా చదివి ఆపాను.

“రేపు తాగుతాను పిన్నీ,” అంది.

నలభై ఎనిమిదో రోజు

గ్లాసున్నర అంబలి, ఒక గుడ్డు. నా ముందే తింది. నేనూ గేటు దాకా వెళ్లాను. వరసలో అందరూ మమ్మల్నే చూస్తున్నారు, దాని మూతికి అంబలి చార ఉంది.

297.

తవిటయ్య అంకె నొక్కగానే అద్దం మీద ఎర్రగా వెలిగింది. ఒక మండలం, నలభై రోజులు, గోడ ఎక్కడానికి లేదు. మూడు రోజుల్లో గదికి ఇంకో బ్రష్షు చూపించకపోతే గట్టవతలకే. వెనక నుంచి ఎవరో, “సెప్పలేదా? తిని ఊదితే ఇంతే,” అన్నారు. ఈశ్వరి నా వైపు చూడలేదు. ఒకదాన్ని పెట్టకుండా చంపాను, ఇంకోదాన్ని పెట్టి చంపుతున్నాను అనుకున్నాను.

తవిటయ్య అద్దం కిటికీ తెరిచి బయటికి తల పెట్టాడు. తన ఉద్యోగంలో ఇన్నేళ్లకి మొదటిసారి అలా చెయ్యడం అని తరవాత చెప్పాడు.

“తిండి వల్ల కాదు. నిన్న పరగడుపున రెండొందల తొంభయ్యారే ఊదింది. మొన్న రెండొందల తొంభై తొమ్మిది. నానే జాలిపడి మూడొందల ఒకటని రాసేను. నా జాలే ఆ గుంటని నిన్న తాడుకి ఏలాడదీసింది. తిన్నాక ఇయ్యాల ఒకటి పెరిగింది. అందరూ ఇన్నారా?”

విన్నారో లేదో. సైరన్ మోగింది. వరస కదిలింది.

యాభై ఒకటో రోజు

మూడో రోజు ఇది. గది ఖాళీ చెయ్యడానికి ఈశ్వరి ట్రంకుపెట్టె సర్దింది. నేను అంబలి తాగి, గేటు దగ్గరికి వెళ్లి, వరసలో నిలబడ్డాను.

“నువ్వేటి అప్పా ఇక్కడ?” అన్నాడు తవిటయ్య.

“గొట్టమియ్యి.”

“నీకు యాభై నాలుగేళ్లు.”

“వయసుకి రూలుందా, అది కూడా నువ్వే రాసినావా?”

ఇచ్చాడు. ఊదాను.

334.

వరసలో సగం మంది ఆడపిల్లల కంటే నాదే ఎక్కువ. నేను గొట్టం చేతిలో పట్టుకుని నిలబడిపోయాను ఉడతా. నాకు ఆ ఊపిరి ఎక్కడిదో తెలుసు. ఆరేళ్లు రోజూ పొద్దున నీ వంతు అంబలి పులిసిపోతుందని నేనే తాగాను. నువ్వు తినకుండా వదిలేసిన గుడ్డు పాడైపోతుందని నేనే తిన్నాను. ఆ అంకె నీది.

బ్రష్షు తీసుకున్నాను. గది ఉండిపోయింది.

యాభై రెండో రోజు

నువ్వు ఎప్పుడూ చెప్పలేదు, గోడ మీద నుంచి గట్టవతల కనిపిస్తుందని. పసుపు మబ్బు కింద రేకుల కప్పులు, వాటి మధ్య నడిచే మనుషులు. ఇటు పక్క చూస్తే లోపలి ఊరు, వాళ్ల కిటికీల్లో పూలకుండీలు. మధ్యలో మనం. ఫ్యాన్లు గాలి లాగుతుంటే జల్లెడ వణుకుతుంది, బ్రష్షు పెట్టగానే బూడిద చేపపొలుసుల్లా ఊడి పడుతుంది. మధ్యాహ్నానికే నా భుజాలు పోయాయి. నువ్వు ఆరేళ్లు ఖాళీ కడుపుతో ఈ పని ఎలా చేశావు?

అసిరమ్మ నాకు జత. తాడు బిగిస్తూ, “మెల్లగా సెయ్యి పిన్నీ. నువ్వు పడితే నా సేతులకి ఇంక తోలు మిగల్దు,” అంటుంది.

యాభై తొమ్మిదో రోజు

ఇప్పుడు డబ్బాలో అంబలి తీసుకెళ్లి గేటు వరసలోనే నిలబడి తాగుతున్నాను. అందరికీ కనపడాలనే. మొదటి రోజు ఒకటే ఎకసెక్కాలు.

“సన్యాసమ్మ పెళ్లి బోజనానికొచ్చినట్టుంది. ఆకెయ్యండర్రా.”

“నెత్తళ్లు ఏపిన వాసనొస్తంది, మాకూ పెడతావేటి?”

“పెడతాను, గిన్ని తెచ్చుకో,” అన్నాను.

తిన్నాక ఊదుతాను. అంకె చెప్పమని తవిటయ్యని గట్టిగా అడుగుతాను. 331 అంటాడు, మైకులో. ఎనిమిది రోజులకి అసిరమ్మ ఒక్కతే చేయి చాపింది. “కొంచెమియ్యి. సస్తే నీ పేరు సెప్తాను,” అంది. రెండు గుక్కలు తాగింది. ఊదింది. నిన్నటి కంటే ఒకటి కూడా తగ్గలేదు. వరసలో కొంతమంది కిందికి చూశారు. వాళ్లు ఎవరెవరిని గుర్తు తెచ్చుకున్నారో నాకు తెలుసు.

ఇంట్లో ఈశ్వరి మూడు పూటలా తింటోంది. మొదట్లో కక్కేసింది, కడుపు తిండిని మరిచిపోయింది. కొంచెం కొంచెంగా పప్పుకట్టు, తరవాత అన్నం, తరవాత చేప. ఎడమ పక్క చోటు చాలక ఇప్పుడు కుడి పక్కన కూడా తిండే రాస్తున్నాను.

డెబ్భై నాలుగో రోజు

ఈశ్వరి దగ్గుతోంది. మంచి దగ్గు అంది రత్నమేరి. నల్లటి కళ్లె వస్తోంది. లోపలున్నదాన్ని బయటికి తోసే బలం వచ్చిందట. నేను గుమ్మంలో నిలబడి ఆ దగ్గు విన్నాను. నీ నుంచి ఆ అయిదు రోజులూ అలాంటి చప్పుడు ఒక్కసారి కూడా రాలేదు. పిల్లి గురక లాంటిది వచ్చేది, అంతే. అప్పుడు, దగ్గు లేదు కదా, తగ్గుతోందనుకున్నాను.

నాకూ దగ్గు మొదలైంది. 319.

ఎనభై ఎనిమిదో రోజు

ఈశ్వరి నలభై ఒక్క కిలోలు. పొద్దున రెండు గ్లాసుల అంబలి, మునగాకు కూర, గుడ్డు తిని, ఊదింది. 326. బ్రష్షు మళ్లీ దాని చేతికి వెళ్లింది. నాది ఇవాళ 306. ఇంకో నెల ఆగితే నేనూ ఎర్ర అంకె చూసేదాన్ని. ఇంత తిని కూడా దిగింది. తిండి దుమ్ముని ఆపదు ఉడతా. గోడ గోడే. లోపలి ఊరివాళ్లు కిటికీ మూసుకుని పీల్చే ప్రతి గుక్కకీ ఇక్కడ ఎవరో ఒకరు ఛాతీ ఇస్తూనే ఉండాలి. తిండి ఉంటే ఇంకొన్నాళ్లు నిలబడతాం, దగ్గగలుగుతాం. నా చేతిలో ఉన్నది అదొక్కటే. దాని మీదే నేను మూత పెట్టాను.

పైడికి పెట్టాల్సింది ఆ పిల్లకి పెట్టావు, నీ కూతురికి పెట్టినట్టే అనుకో అంటుంది అసిరమ్మ. అనుకోలేను. దానికి పెట్టింది దానికే. నీకు పెట్టనిది నీకు పెట్టనిదే.

రత్నమేరి ఈ పుస్తకం అడిగింది. గేటు దగ్గర తవిటయ్య అద్దం పక్కన తాడుతో కడతారట, వరసలో నిలబడ్డవాళ్లు చదువుకోడానికి. మొదట ఇవ్వనన్నాను. ఇందులో నీ రాత ఉంది. తరవాత, వాళ్లకి చూపించాల్సిందీ నీ రాతే కదా అనిపించింది. రేపు ఇస్తున్నాను.

కాబట్టి ఈ కింది నాలుగు ముక్కలు నీకు కాదు, చదివేవాళ్లకి.

అమ్మా, అయ్యా. నేను చదువుకున్నదాన్ని కాదు. సన్యాసమ్మ అంటారు, తొమ్మిదో వరస, మూడో గది. మీ ఇంట్లో ఏముంటే అది పొద్దున తిని రండి. సాయంత్రం నోటికి రుచి లేకపోయినా తినండి. మీ పిల్లలు గోడ ఎక్కేవాళ్లయితే వాళ్లు తినేదాకా పక్కన కూర్చోండి. మీరూ బాగా తినండి.